కావలి కుక్కకు దురద: డాక్టరు చీటీ మందుల వాడకము



మన మెట్ట ప్రాంతమున మిరప కల్లములు పరచు దినములలో కావలి లేని కల్లము ఉండదు. కంచికచెర్ల, నందిగామ, జగ్గయ్యపేట వైపుల మాఘ ఫాల్గుణ మాసములందు రాత్రివేళ తిరిగినచో ప్రతి కల్లమునను ఒక గుడిసె, గుడిసె ముందర ఒక కుక్క కనబడును. ఏడాది కష్టమంతయు ఆరుబయట ఎఱ్ఱగా పరచియుండగా రైతు ఒక కునుకు తీయగలుగుట ఆ కుక్క చలవయే. సాగు ఖర్చుల పట్టికలు నేను ఎన్నో చూచితిని, కొన్ని తయారు చేసితిని. కావలి కుక్కకు పెట్టు సంగటి లెక్క ఏ పట్టికలోను కనబడలేదు.

అట్టి కుక్క గోకికొనుట మొదలుపెట్టినచో ఏమగును? రాత్రి కావలి కాయుటకు బదులు తన తోక మొదలును తానే కొఱుకుకొనుచు కూర్చుండును. బొచ్చు రాలి, చర్మము రసికారి, వాసన వేయును. పిల్లలను దగ్గరకు పోనీయరు. చివరకు ఎవరో ఒకరు గోనెసంచిలో వేసికొని పోయి పొరుగూరి పొలిమేరలో వదలివచ్చెదరు. పిచ్చికుక్క టీకా వేయించుటకు యజమాని లేని కుక్కలలో అది ఒకటిగా చేరును. ఇంతకు ఆ జబ్బు చాలమట్టుకు అదుపులో పెట్టదగినదే.

ఈ వ్యాసము వ్రాయుచున్నవాడు పశువైద్యుడు కాడు. కళాశాలలో పైర్ల సాగు పాఠములు చెప్పువాడను. అయినను ఈ విషయము వ్రాయుటకు నాకొక కారణము కలదు. దానిని ముందుగా చెప్పుట న్యాయము.

మా ఊరు కీసర. నేను ఎమ్మెస్సీ చదువుచు సెలవులకు ఇంటికి వచ్చినపుడు మా కల్లము కుక్క నల్లోడు ఒళ్ళంతయు గోకికొనుచుండెను. తోక మొదలు వద్ద బొచ్చు పోయి పచ్చిపుండు పడినది. పత్తికి కొట్టగా మిగిలిన పురుగుమందు డబ్బా అడుగున కొంచెముండెను. కుక్కను పట్టినది పురుగేకదా, పురుగుమందుకు చావదా అని నా తెలివి. మా నాన్నగారు వద్దనుచున్నను వినక, పైరుకు వేయు లెక్కనే నీట కలిపి గుడ్డతో కుక్కకు రుద్దితిని. అరగంట గడువక మునుపే నోట చొంగ కారినది. కాళ్ళు వణకినవి. కంటిపాప సూదిమొనంత అయినది. ఆటోలో వేసికొని నందిగామ పశువైద్యుని వద్దకు పరుగెత్తితిమి. ఆయన అట్రోపిన్ సూదిమందు ఇచ్చి, కుక్కను సబ్బుతో రెండుమారులు కడిగించి, తరువాత నా వైపు తిరిగి, "నువ్వు అగ్రికల్చరు చదువుతున్నావటగదా బాబూ, డబ్బా మీద రంగు త్రికోణం చూడలేదా?" అని అడిగినారు. నేను జవాబు చెప్పలేదు.

నల్లోడు బ్రతికెను. నేను చేసిన పనిని ఇప్పటికిని మన ఊళ్ళలో చేయుచున్నారు. కొందరు కాలిన ఇంజను నూనె పూయుదురు. అది చర్మమును కాల్చును, కుక్క నాకినచో కడుపులోకి పోవును. పైరు మందులలో ఆర్గానోఫాస్ఫేట్ జాతివి చర్మము గుండనే రక్తములోకి ఇంకి నరములను పట్టును. పుండు పడిన చర్మము గుండ మఱింత వేగముగా ఇంకును. ఎవరైనను పొరపాటున రుద్దియున్నచో చేతులకు తొడుగులు వేసికొని కుక్కను సబ్బు నీటితో కడిగి, ఆలస్యము చేయక, మందు డబ్బాను కూడ వెంట తీసికొని వైద్యుని వద్దకు పోవలెను. డబ్బా చూచినచో వైద్యునికి విరుగుడు తెలియును.

పడకపోవుట అనగా నేమి

ఒకరికి వంకాయ పడదు. ఇంకొకరికి రొయ్య పడదు. మిరప కల్లము దుమ్ముకు తుమ్ములు ఆగనివారు మనలో ఎందఱో కలరు. శరీరము తనకు హాని చేయని వస్తువును శత్రువుగా భావించి దానిపై యుద్ధము ప్రకటించుటయే ఎలర్జీ. మనుష్యునిలో ఇది ఎక్కువగా ముక్కున, రొమ్మున తెలియును. కుక్కలో ఎక్కువగా చర్మముననే తెలియును. కనుక కుక్క తుమ్మక గోకును, కాళ్ళు నాకును, చెవులు విదిలించును.

ఎరువుల ప్రయోగము చేయునపుడు ఒక మడికి నత్రజని, ఒక మడికి భాస్వరము వేసి, ఒక మడిని ఏమియు వేయక వదలి పోల్చి చూతుము. అన్నియు ఒకేసారి వేసినచో దేనివలన పంట పెరిగినదో ఎవరును చెప్పలేరు. కుక్క దురదకు కారణము పట్టుకొనుట కూడ అట్టిదే. వైద్యుడు ఒక్కొక్క కారణమును వరుసగా తొలగించుచు పోవును. యజమానికి ఓర్పు లేక నాలుగు మందులు ఒక్కనాడే వేయించినచో కుక్కకు తాత్కాలికముగా గుణము కనిపించును గాని, కారణము తెలియక మరల మొదటికి వచ్చును.

మన ప్రాంతమున మొదట అనుమానింపవలసినది పురుగు కాటు. పిడుదులు కంటికి కనబడును గనుక అందఱికి తెలియును. తెలియనిది గెంతెడి చిన్న గోధుమవన్నె పేను. వైద్యులు దీనిని ఫ్లీ అందురు. దీని ఉమ్మి పడని కుక్కకు నాలుగైదు కాట్లు చాలును, రోజుల తరబడి గోకుట ఆగదు. కుక్క దానిని నాకి మ్రింగివేయును గనుక వెదకినను ఒక్కటియు దొరకకపోవచ్చును. పరీక్ష సులభము. తడిపిన తెల్లని గుడ్డ పరచి, కుక్క వీపును తోక మొదలు వరకు సన్నపండ్ల దువ్వెనతో దువ్వి, రాలిన నల్లని నలుసులను గుడ్డపై వేయవలెను. మట్టి అయినచో మట్టిగానే ఉండును. ఆ పేను విసర్జించినదైనచో గుడ్డపై ఎఱ్ఱని మరక విచ్చుకొనును, ఏలయనగా అది జీర్ణమైన రక్తము. గోకుడు తోక మొదలున, తొడల వెనుక ఎక్కువగా ఉన్నచో ఈ అనుమానము బలపడును.

ఈ పేలలో కుక్క ఒంటిమీద నుండునవి కొద్ది భాగమే. గ్రుడ్లు, పురుగులు, గూళ్ళు అన్నియు కుక్క పండుకొను గోనెపట్టాలో, గుడిసె మూలల మట్టిలో నుండును. గూటిలోని పురుగు నెలల తరబడి కాచుకొని యుండగలదు. కనుక కుక్కకు మందు వేసి పట్టాను వదలివేయుట, కలుపు తీసి గింజలను పొలములోనే రాల్చుట వంటిది. పట్టాను మరుగు నీట ఉతికి ఎండవేయవలెను, గుడిసె నేలను ఊడ్చి చెత్తను కాల్చివేయవలెను. ఇంటిలోని ఇతర కుక్కలకు, పిల్లులకు కూడ ఒకేమారు వైద్యము జరుగవలెను. ఇచట ఒక హెచ్చరిక. కుక్కలకు వాడు పర్మెత్రిన్ మందు పిల్లికి ప్రాణాంతకము.

ఇటీవలి సంవత్సరములలో నోటిగుండ ఇచ్చు బిళ్ళలు వచ్చినవి. అఫోక్సొలానర్ అను దానిని నెలకొకమారు, ఫ్లూరలానర్ అను దానిని దాదాపు 12 వారముల కొకమారు ఇత్తురు. పేలను, పిడుదులను రెంటిని చంపును. గజ్జి పురుగులపై కూడ పనిచేయును. ఖరీదైనవే. కాని ప్రతి వారము ఒళ్ళంతయు విషపు నీళ్ళు పోయుటకంటె మేలు. కుక్కకు ఎప్పుడైనను మూర్ఛ వచ్చియున్నచో ఆ మాట వైద్యునికి ముందుగా చెప్పితీరవలెను, ఏలయనగా ఈ జాతి మందులు కొన్ని కుక్కలలో ఫిట్లు తెప్పించవచ్చునని 2018లో అమెరికా మందుల నియంత్రణ శాఖ హెచ్చరించినది.

రెండవది, గజ్జి ఎలర్జీ కాదు. అది చర్మములో తొలుచు సూక్ష్మజీవి పని. చెవి అంచులు, మోచేతులు గట్టిపడి పెచ్చులు కట్టినచో, ఇంటిలోని వారికి కూడ పొట్టపై, చేతులపై దురద పొక్కులు వచ్చినచో గజ్జిని అనుమానించవలెను. వైద్యుడు చర్మమును గీకి సూక్ష్మదర్శినిలో చూచును. గజ్జి ఉన్న కుక్కకు ఎలర్జీ అనుకొని స్టెరాయిడు ఇచ్చినచో ఒంటి నిరోధశక్తి తగ్గి పురుగు విజృంభించును. పశువుల ఐవర్‌మెక్టిన్ సీసాలోనుండి ఉజ్జాయింపుగా కుక్కకు ఎక్కించుట కూడ ప్రమాదమే. కోలీ వంటి కొన్ని జాతి కుక్కలకు ఆ మందు మెదడులోకి చొరబడి ప్రాణము తీయును.

మూడవది తిండి. ప్రపంచమున కుక్కలకు ఎక్కువగా పడనివని తేలినవి పశుమాంసము, పాలు, కోడిమాంసము, గోధుమ. మన కుక్క ప్రతిదినము తినునది పెరుగన్నము, ఆదివారమునాడు కోడి వ్యర్థములు. దీనికి రక్తపరీక్షకంటె నమ్మకమైనది తిండి మార్చి చూచుట. ఆ కుక్క అంతకుముందు తినని మాంసకృత్తు ఒకటి, తినని పిండిపదార్థము ఒకటి వైద్యుడు ఎన్నుకొనును. జొన్న సంగటి ఎన్నడును ఎఱుగని కుక్కకు జొన్న పనికివచ్చును. కనీసము 8 వారములు ఆ రెండు తప్ప మరేమియు పెట్టరాదు. కల్లమున ఎవరో జాలిపడి ఒక బిస్కట్టు వేసినను ప్రయోగము చెడిపోవును. గుణము కనబడిన తరువాత పాత తిండి మరల పెట్టి చూడవలెను. దురద తిరిగి వచ్చినచో దొంగ దొరికినట్లే.

ఈ మూడును కాదని తేలిన పిదప మిగులునది గాలిలోని పుప్పొడి, ధూళిలోని సూక్ష్మ పురుగులు, బూజు మొదలగువాటి వలన కలుగు ఎలర్జీ. వైద్యులు అటోపీ అందురు. సాధారణముగా 6 నెలల నుండి 3 ఏండ్ల ప్రాయమున మొదలగును. ముఖము, చెవులు, చంకలు, గజ్జలు, పాదముల నడుమ ఎఱ్ఱబారును. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, పగ్ జాతులలో ఎక్కువ. పట్నము చూచి వచ్చి పల్లెలలో కూడ ఈ జాతులను పెంచుట ఇప్పుడు ఎక్కువైనది గనుక ఈ జబ్బు కూడ మన ఊళ్ళకు వచ్చినది. దీనికి పూర్తి నివారణ లేదు. అదుపు కలదు.

నా శాస్త్రమునకు సంబంధించిన మాట ఒకటి. వయ్యారిభామ కలుపు మన దేశమున 1950 దశకమున పూనాలో గుర్తింపబడి, నేడు మన డొంకలన్నిటిని ఆక్రమించినది. అందలి పార్థీనిన్ అను పదార్థము మనుష్యుల చర్మమును, పశువుల చర్మమును పొక్కించును. బొచ్చు పలుచగా నుండు పొట్ట క్రిందను, వ్రేళ్ళ నడుమను కుక్కకు పొక్కులు లేచినచో కల్లము చుట్టును ఈ కలుపు ఉన్నదేమో చూడవలెను. పూత రాకమునుపే చేతి తొడుగులతో పీకివేసిన ఖర్చు లేని వైద్యమగును. దీనిని తిను మెక్సికో పెంకుపురుగును 1984లో బెంగుళూరు వద్ద విడిచిపెట్టినారు. వానకాలములో అది కొంత మేలు చేయును గాని దానినే నమ్ముకొనుటకు వీలులేదు.

మందులను గురించి

అన్నిటికంటె చౌక అయినది, అన్నిటికంటె వేగముగా గుణమిచ్చునది, అన్నిటికంటె ఎక్కువ చెఱుపు చేయబడినది ప్రెడ్నిసొలోన్. 1948లో అమెరికాలోని మేయో వైద్యశాలలో ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు కార్టిసోన్ అను దానిని కీళ్ళవాతపు రోగికి ఇచ్చి చూచెను. మంచము దిగలేనివారు నడచిరి. 1950లో ఆయనకును, కెండాల్, రైక్‌స్టైన్ అను మఱి యిద్దఱికిని నోబెల్ బహుమానము వచ్చినది. ప్రెడ్నిసొలోన్ ఆ కుటుంబములోనిదే. శరీరము చేయు యుద్ధమునే ఆపివేయును గనుక దురద, వాపు, ఎఱ్ఱదనము ఒకటి రెండు దినములలో తగ్గును. మంచి యుద్ధమును కూడ ఆపును. చిక్కంతయు అచటనే ఉన్నది.

ఎలర్జీకి సాధారణముగా వైద్యులు కుక్క బరువు కిలోకు దినమునకు 0.5 నుండి 1 మి.గ్రా. వరకు వ్రాయుదురు. 20 కిలోల కుక్కకు తక్కువ మోతాదున 10 మి.గ్రా., అనగా 5 మి.గ్రా. బిళ్ళలు రెండు. 8 కిలోల కుక్కకు అవే రెండు బిళ్ళలు ఎక్కువ మోతాదును కూడ మించును. ఈ లెక్క మీరు స్వయముగా మందు మొదలుపెట్టుటకు చెప్పలేదు. పొరుగింటి కుక్క చీటీ మీ కుక్కకు ఎందుకు పనికిరాదో తెలియుటకు చెప్పితిని. బరువు తూచుట కష్టము కాదు. పత్తి తూచు కాటాపై కుక్కను ఎత్తుకొని నిలువవలెను, తరువాత ఒక్కరే నిలువవలెను, తీసివేత చేయవలెను.

గుణము కనబడగానే వైద్యుడు మోతాదు తగ్గించి, దినము విడిచి దినము ఇమ్మనును. ఇట్లు తగ్గించుటకు కారణము వినుడు. మూత్రపిండముల ప్రక్కనున్న చిన్న గ్రంథులు ఇట్టి పదార్థమునే శరీరమునకు కావలసినంత తయారుచేయును. బయటనుండి బిళ్ళ రూపమున వచ్చుచున్నచో ఆ గ్రంథులు పని మానును. కాలువ నీరు వచ్చుచున్నన్నాళ్ళు తోడని బావి పూడిపోయినట్లు. ఒక్కసారిగా కాలువ కట్టినచో బావిలో నీరుండదు. చాలకాలము వాడిన బిళ్ళలను అకస్మాత్తుగా మానినచో కుక్క వాంతులు చేసికొని, నీరసించి పడిపోవును, చావవచ్చును కూడ. క్రమముగా తగ్గించినచో గ్రంథులు మరల పనికి దిగును.

మా ఇంటి రెండవ తప్పు ఇచట జరిగినది. పురుగుమందు ప్రమాదము గడచిన తరువాత వైద్యుడు నల్లోడికి పేను కాటు ఎలర్జీ అని తేల్చి, పేల మందుతోపాటు ప్రెడ్నిసొలోన్ కొద్ది దినములకు వ్రాసి ఇచ్చినారు. నేను కళాశాలకు తిరిగిపోతిని. కుక్క హాయిగా నిద్రపోవుట చూచి మా నాన్నగారు సంతోషించి, అదే చీటీ చూపి ఒక దుకాణమున బిళ్ళలు తెచ్చుచు ఆరు నెలలు వేసినారు. పేల మందు మాత్రము ఖరీదని మానినారు. నేను సంక్రాంతికి పోయి చూచునప్పటికి కుక్క పొట్ట కుండవలె వ్రేలాడుచుండెను. తొట్టిలో నీళ్ళు గటగట త్రాగి, గుడిసెలోనే మూత్రము పోయుచుండెను. పొట్ట చర్మము ఉల్లిపొరవలె పలుచనై, లోపలి నరములు కనబడుచుండెను. "దురద లేదుగదరా, ఆకలి కూడా బాగా అవుతోంది" అని మా నాన్నగారనిరి. ఆ అతి ఆకలి, అతి దాహము మందు చేయు చెఱుపే. కండలు కరగుట, పుండ్లు మానకపోవుట, మూత్రకోశమున చీము, కొన్ని కుక్కలలో మధుమేహము కూడ దీనివలన కలుగును. ఆ బిళ్ళలను మెల్లమెల్లగా మాన్పుటకు వైద్యునికి రెండు నెలలు పట్టినది.

ప్రెడ్నిసొలోన్ వాడుచున్నపుడు ఒంటినొప్పులకని మన ఇంటిలోని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కుక్కకు ఎన్నడును వేయరాదు. అవి ఒంటరిగానే కుక్కకు కడుపులో పుండ్లు చేసి మూత్రపిండములను చెఱచును. రెండును కలిసినచో రక్తస్రావమగును. మనుష్యులకు వాడు బెటామెథసోన్ బిళ్ళలు, క్లోబెటసాల్ కలిపిన మలాములు కూడ స్టెరాయిడులే, అందును ప్రెడ్నిసొలోన్‌కంటె ఘాటైనవి. మలామును కుక్క నాకును గనుక పూసినదంతయు కడుపులోనికే పోవును.

సెట్రిజిన్ వంటి తుమ్ముల బిళ్ళలు కుక్క దురదకు అంతగా పనిచేయవు. కొందఱు వైద్యులు తోడుగా వ్రాయుదురు. హాని తక్కువ, మేలును తక్కువే.

స్టెరాయిడు కానివి కొన్ని కలవు. ఓక్లాసిటినిబ్ అను బిళ్ళ 2013లో అమెరికాలో అనుమతి పొందినది. దురద కబురు ఒకచోటినుండి మరొకచోటికి పోకుండ అడ్డుకొనును. ఒక దినములోనే గుణమిచ్చును, దాహము, పొట్ట పెరుగుట ఉండవు. కాని ఏడాది నిండని కుక్కకును, తీవ్రమైన చీము జబ్బులున్న కుక్కకును ఇయ్యరాదు. మొదట 14 దినముల వరకు దినమునకు రెండుమారులు, తరువాత ఒకమారు. సైక్లోస్పోరిన్ అను మరియొకటి నార్వే దేశపు మట్టిలో దొరికిన బూజునుండి తీసినది, మనుష్యులకు మూత్రపిండము మార్చినపుడు వాడునది. దీని గుణము తెలియుటకు 4 నుండి 6 వారములు పట్టును గనుక నాలుగు దినములు చూచి పనిచేయలేదని పారవేయరాదు. రెంటికి ఖర్చు ఎక్కువ. కల్లము కుక్కకు అంత పెట్టగలమా అని అడుగువారిని నేను తప్పుపట్టను. కారణము సరిగా పట్టుకొన్నచో చాల కుక్కలకు వీటితో పని ఉండదు.

గోకిన చర్మములో చీము పట్టుట, జిడ్డు వాసన వేయు బూజు చేరుట సర్వసాధారణము. చీము ఉండగా ఎలర్జీ మందు ఒక్కటే ఇచ్చినచో దురద తగ్గదు. క్లోర్‌హెక్సిడిన్ కలిసిన షాంపూ వ్రాసినచో నురుగు పట్టించి 10 నిమిషములు ఆగి కడుగవలెను. వెంటనే కడిగినచో డబ్బు నీళ్ళలో పోసినట్లే. యాంటీబయోటిక్ బిళ్ళలను పుండు ఎండినదని మధ్యలో మానరాదు, వైద్యుడు చెప్పినన్ని దినములు వేయవలెను.

చీటీ ఎందులకు

ఈ మందులలో పెక్కింటిని చీటీ లేక అమ్మరాదని 1945 నాటి మందుల నిబంధనలలోని హెచ్ పట్టిక చెప్పుచున్నది. అట్టపై ఎఱ్ఱ గీత గాని, ఆరెక్స్ అను గుర్తు గాని ఉన్నచో అది అట్టి మందని తెలిసికొనవలెను. చీటీ ఒక కుక్కకు, ఒక బరువుకు, ఒక కాలమునకు వ్రాసినది. నిరుటి చీటీతో ఈ ఏడు మందు కొనుట, నిరుటి భూసార పరీక్ష చూపి పొరుగువాని చేనికి ఎరువు వేయుట వంటిది.

వైద్యుని వద్దకు పోవునపుడు కొన్ని సంగతులు వ్రాసికొని పోవలెను. దురద ఏ నెలలో మొదలైనది, ఏడాది పొడుగున ఉన్నదా లేక ఒక కారులోనే వచ్చుచున్నదా, మొదట ఏ చోట గోకినది, ఏమి తినుచున్నది, అంతకుముందు ఏ మందులు పడినవి, ఇంటిలో ఎవరికైన దురద ఉన్నదా. పురుగుమందు రుద్దియున్నచో సిగ్గుపడక చెప్పవలెను. ఆడకుక్క చూడితో ఉన్నచో ఆ మాట మొదట చెప్పవలెను, ఈ మందులలో చాలవరకు దానికి పనికిరావు. పిచ్చికుక్క టీకా గడువు దగ్గరపడినచో స్టెరాయిడు మొదలుపెట్టుటకు ముందు వేయించుటయా, తరువాతనా అని అడుగవలెను. నందిగామలో తేలనిచో చర్మపరీక్షలకు గన్నవరమునందలి పశువైద్య కళాశాలకు పంపుదురు.

మా ఇంట ఇప్పుడు గుడిసె నిట్టాడికి ఒక కేలండరు వ్రేలాడుచున్నది. పేల మందు వేసిన దినమున మా నాన్నగారు దానిపై సున్న చుట్టుదురు. గోకుడు ఎంత ఉన్నదో వారమునకొకమారు ఒకటి నుండి పది వరకు ఒక అంకె వేయుదురు. ఆ కేలండరును చూచి వైద్యుడు నిరుడు బిళ్ళలు ఒక్కటియు వ్రాయక, పేల మందును వానకాలమునకు నాలుగు వారములు ముందుకు జరిపినారు. మిగిలిన పాత బిళ్ళలను మా అమ్మ ఉప్పుజాడీ ప్రక్కన దాచియుండగా తీసి పారవేయించితిమి.